ఏడొందల కిలోమీటర్ల అడ్డదారి

భూమికి కొలతలు వేసినవాడు దేవుడైతే, ఆ కొలతలు సరిగ్గా పడ్డాయో లేదో లారీ వేసుకుని వెళ్లి చూసొచ్చినవాడు మా తాత పేరయ్య. తప్పున్న చోట దేవుణ్ణి నిలబెట్టి దిద్దించాడు కూడా. హిమాలయాలు కాస్త ఉత్తరానికి జరిగింది ఆయన హారన్ దెబ్బకే. నమ్మనివాళ్లు మా ఊరు ప్రత్తిపాడు వచ్చి అడగవచ్చు. ఊళ్లో ఎవరైనా చెబుతారు, ముఖ్యంగా ఆయనే చెబుతాడు.

గొప్పలు పక్కన పెడితే, పేరయ్య ముప్పై నాలుగేళ్లు గుంటూరు మిర్చి యార్డు నుంచి గువాహటికి ఎండుమిరప బస్తాలు తోలాడు. యార్డు గేటు దగ్గర బయలుదేరి గువాహటి ఫ్యాన్సీ బజార్లో తాడు విప్పేదాకా రెండువేల రెండొందల ఎనభై కిలోమీటర్లు. ఈ అంకె ఆయనకు తన పుట్టినరోజు కంటే బాగా గుర్తు. పుట్టినరోజు ఎవరో చెప్పింది, ఇది తను చూసింది.

ఎవరో చెప్పిందంటే చాలు, పేరయ్య కనుబొమ్మలు దగ్గరకొస్తాయి. టైర్లలో గాలి నిండుగా ఉందని చెప్పినవాడి ముందే ఇనప రాడ్డు పెట్టి ఒక్కో టైరునూ కొట్టి చప్పుడు వినేవాడు. దారి అడిగితే ముగ్గుర్ని అడిగేవాడు. ముగ్గురూ ఒకటే మాట చెబితే, వీళ్లంతా కూడబలుక్కున్నారేమోనని నాలుగోవాణ్ణి అడిగేవాడు. పెళ్లిపీటల మీద పురోహితుడు ముహూర్తానికి ఇంకా అయిదు నిమిషాలుందంటే, "ఎవరి వాచీలో?" అని అడిగాడట. ఆ మాట సుబ్బరావమ్మ నాయనమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. ఒకసారి హైవే మీద మైలురాయి తప్పు చెబుతోందని లారీ ఆపి, సుద్దముక్కతో అంకె దిద్ది మరీ వచ్చాడు.

అలాంటి మనిషి లోకంలో ఒక్కడి మాట మాత్రం ఎదురు ప్రశ్న లేకుండా తీసుకునేవాడు. వాడు బుడాన్.

బుడాన్ ఆ లారీకి రెండో డ్రైవరు. ఒకరు తోలుతుంటే ఒకరు వెనక బల్ల మీద పడుకునేవారు. ఆ ఇద్దరి మధ్య ఒక పద్ధతి ఉండేది. స్టీరింగ్ దిగినవాడు మీటరు చూసి కిలోమీటర్ల అంకె పైకి చెప్పాలి. ఎక్కినవాడు దాన్ని తిరిగి చెప్పి, "తీసుకున్నా, పడుకో" అనాలి. అంతవరకూ దిగినవాడు నడుం వాల్చకూడదు. ఆ మాట పడ్డాక లారీ లోయ అంచున వెళుతున్నా కళ్లు తెరవకూడదు. ముప్పై ఒక్క ఏళ్లు ఇద్దరూ ఆ మాట మీదే నిద్రపోయారు.

లారీ మానేశాక పేరయ్య రెండెకరాల్లో మిరప వేసుకున్నాడు. బుడాన్ భార్య పోయాక, గువాహటిలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న కూతురు హీనా దగ్గరికి వెళ్లి ఉండిపోయాడు. లోడు వేసుకుని వెళ్లిన ఊరికే ఖాళీగా వచ్చి పడ్డానన్నా అని ఫోన్లో నవ్వేవాడు.

ఈ ఏడాది ఫిబ్రవరి ఆఖర్లో ఒక సోమవారం సాయంత్రం, కళ్లంలో ఆరబోసిన కాయల్లోంచి రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతుండగా పేరయ్య ఫోను మోగింది. చేసింది హీనా.

"పెదనాన్నా, నాన్నకి గుండె ఆపరేషన్ అంటున్నారు. గురువారం పొద్దున. ఇంకో వారం నిలిచే గుండె కాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్న చూస్తే సంతకం పెట్టనంటున్నాడు. బుధవారం సాయంత్రం నాలుగులోపల పెట్టకపోతే ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారంట."

"వాడికివ్వు ఫోను."

బుడాన్ గొంతు పలచగా వచ్చింది. "అన్నా, మత్తిస్తారంట. నాలుగైదు గంటలు ఒళ్లు తెలీదంట."

"అయితే?"

"నువ్వు తీసుకున్నా అనకుండా నేనెప్పుడైనా కళ్లు మూశానా?"

పేరయ్య చేతిలో తాలుకాయ తొడిమ విరిగిపోయింది. "బుధవారం నాలుగుకి ముందే నీ పక్కనుంటాను" అని ఫోను పెట్టేశాడు. పెట్టేశాక గుర్తొచ్చింది, తనకిప్పుడు లారీ లేదని. ఉన్నా నాలుగు రోజుల దారి. రైలైతే గురువారం గానీ చేరదు.

"విమానం ఉంది కదా తాతా" అంది మనవరాలు లక్ష్మీదుర్గ. ఈ సంగతులు రాస్తున్నది ఆ దుర్గే కాబట్టి, ఆవిడ తెలివితేటల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పుకోవడం బాగుండదు. "గన్నవరంలో పొద్దున్నే ఎక్కితే హైదరాబాదు. అక్కడ మారితే గువాహటికి రెండు గంటల నలభై నిమిషాలు. మధ్యాహ్నం ఒకటిన్నరకి దిగుతావు."

"రెండు గంటల నలభై నిమిషాల్లోనా?" పేరయ్య కనుబొమ్మలు దగ్గరకొచ్చాయి. "లోడు బండితో నేను ఏలూరు చేరే టైమే అది. ఎన్ని కిలోమీటర్లని రాశాడు?"

దుర్గ ఫోనులో చూసింది. "విజయవాడ నుంచి గువాహటికి గాలిదూరం పదిహేనువందల డెబ్భై."

అంతే. పేరయ్య లేచి ఇంట్లోకి వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి అట్ట ఊడిన పాత డైరీ తెచ్చాడు. అందులో ముప్పై నాలుగేళ్ల దారి ఉంది. ఏ ఊరు ఎన్నో కిలోమీటరులో వస్తుందో, ఏ ధాబాలో పప్పులో నీళ్లెక్కువో, అన్నీ. వేలు పెట్టి కిందికి జారుస్తూ వెళ్లి ఒకచోట ఆపాడు.

"పదిహేనువందల డెబ్భై అంటే ఎక్కడో తెలుసా? ఫరక్కా వంతెన దాటి పది కిలోమీటర్లు. ఇంకాస్త పోతే మాల్దా. అక్కడ దించేసి గువాహటి అంటాడన్నమాట! మిగతా ఏడొందల కిలోమీటర్లు ఎవడు తోలతాడే?"

"తాతా, అది నీ రోడ్డు లెక్క. విమానం సూటిగా పోతుంది. ఇప్పుడు మనం గట్టు మీద చుట్టూ తిరక్కుండా చేలోంచి అడ్డంగా పోతే దూరం తగ్గదూ? అలాగ."

"చేలోంచి అడ్డంగా పోతే ఆసామి ఊరుకుంటాడా?"

"ఆకాశానికి ఆసామి ఎవరు తాతా?"

"ఏడొందల కిలోమీటర్ల అడ్డదారి ఉంటే ముప్పై నాలుగేళ్లలో నాకు ఒక్కడూ చెప్పలేదేం? ఫిజిక్సు రెండుసార్లు తప్పినదానివి, నువ్వు చెప్తున్నావా నాకు దూరాలు!"

దెబ్బ సరైనచోటే తగిలింది గాని దుర్గ వదల్లేదు. అటక మీది అట్లాసు దించి, దారప్పోగు తీసి గుంటూరు దగ్గర ఒక కొసా గువాహటి దగ్గర ఒక కొసా పెట్టి చూపించింది. పేరయ్య ఆ దారాన్ని అనుమానంగా చూశాడు. దారం పోయిన దారిలో విశాఖపట్నం లేదు, చిలకా సరస్సు లేదు, కలకత్తా లేదు. ఒక్క టీ కొట్టు లేదు.

"ఇంకో సంగతి" అన్నాడు. "గువాహటి ఈశాన్యంలో ఉంటే, వీడు ముందు హైదరాబాదుకి ఎందుకు తీసుకెళ్తున్నాడు? అది పడమర కదా? గిరాకీని వెనక్కి తిప్పి, కళ్లుగప్పి, ఎక్కడో దించే ఎత్తు కాకపోతే!"

"ఏమయ్యా" అంది సుబ్బరావమ్మ వంటింట్లోంచి, "నిన్ను ఎత్తుకుపోయి వాళ్లేం చేసుకుంటారు? నేనే చేసుకోలేక చస్తున్నా."

టికెట్టు తీయమన్నాడు. వేరే దారి లేదు గనక తీయమన్నాడే తప్ప నమ్మి కాదు. నమ్మనివాడు ఊరికే కూర్చోడు. మంగళవారం మధ్యాహ్నం మేనల్లుడు కోటేష్‌కు ఫోను చేశాడు. వాడిప్పుడు అదే దారిలో మిర్చి లోడుతో గువాహటికే వెళుతున్నాడు.

"ఒరేయ్ కోటేషూ, ఎక్కడున్నావు?"

"బాలాసోర్ దాటుతున్నా మావా."

"రేపు ఒంటిగంటన్నరకి మాల్దా బైపాసులో ఉండు. నేను అక్కడ దిగుతాను."

"నువ్వా? మాల్దాలోనా? దేంట్లో?"

"విమానంలో."

అవతల హారన్ల మధ్యలోంచి కోటేష్ జాగ్రత్తగా అడిగాడు. "మావా, అత్త పక్కనుందా? ఒకసారి ఇస్తావా?"

"చెప్పింది చెయ్యరా! అక్కణ్నించి ఆగకుండా తోలితే గురువారం పొద్దుటికి నన్ను గువాహటిలో పడేస్తావు. సంతకం ఫోన్లోనన్నా పెట్టిస్తాను. వాడు కత్తి కిందికి పోయేలోపల పక్కనుండాలి."

ఆ మాటతో కోటేష్ నవ్వడం మానేశాడు. "ఉంటా మావా" అన్నాడు.

సంచి కూడా మాల్దాకే సర్దుకున్నాడు. దుప్పటి, టార్చిలైటు, రెండు పూటలకి సరిపడా పులిహోర, గోంగూర పచ్చడి, డైరీ. పైన నాలుగు నిమ్మకాయలు. బండి కదిలే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆయన అలవాటు. నిమ్మకాయ తొక్కకుండా ఆయన లారీ ఏ రోజూ యార్డు గేటు దాటలేదు.

బుధవారం తెల్లవారుజామున దుర్గ ఆయన్ని గన్నవరంలో దించింది. లోపల నలుగుర్ని అడిగాడు, ఈ విమానం ఎక్కడికని. నలుగురూ హైదరాబాదన్నారు. ఒకే మాట, ఒకే నవ్వు. వీళ్లకెవరో నేర్పి పెట్టారనుకున్నాడు. హైదరాబాదులో దిగి మళ్లీ అడిగితే గువాహటి విమానం ముప్పై రెండో గేటు అన్నారు. గేటు దగ్గర కూర్చున్నవాళ్ల ముఖాలు చూశాడు. అస్సాం ముఖాలు కొన్ని ఉన్నాయి. కొంచెం ఊరట. అయినా మాల్దా దాకా వెళ్లి అక్కణ్నించి బస్సెక్కే అమాయకులు వీళ్లూ కావచ్చు కదా!

విమానం చక్రం దగ్గరకు వెళ్లనివ్వరని గన్నవరంలో మొదటి విమానం దగ్గరే తెలిసిపోయింది. నిమ్మకాయ చేతిలో పట్టుకుని మెట్ల పక్కకు వంగుతుంటే, పసుపు కోటు మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చి పైకి పంపించాడు. అందుకని ఈసారి సీట్లో కూర్చుని, విమానం కదలగానే తన చెప్పు కింద నిమ్మకాయ పెట్టుకుని తొక్కాడు. రసం చిమ్మి పక్కనున్న మిలిటరీ ఆయన ప్యాంటు మీద పడింది. ఆయన పేరయ్యను చూశాడు, నిమ్మకాయను చూశాడు, ఏమనుకున్నాడో నమస్కారం పెట్టాడు.

కిటికీలోంచి పేరయ్య కళ్లు తీయలేదు. కుడిచేతి వైపు సముద్రం రావాలి. రాలేదు. గంట గడిచింది. చిలకా సరస్సు రావాలి, రాలేదు. కింద అడవి, గుట్టలు, ఎర్రమట్టి, మళ్లీ అడవి. తనకు తెలిసిన ఒక్క ఊరూ లేదు. ముప్పై నాలుగేళ్లలో ఈ దారిన రానివాణ్ణి ఈ దారి ఎటు తీసుకెళుతుందో!

తన లారీ హిందీలో మిలిటరీ ఆయన్ని అడిగాడు. "ఫరక్కా వచ్చిందా?"

"ఈ విమానం ఫరక్కాలో ఆగదు బాబాయ్. గువాహటి ఒక్కటే."

"నువ్వు రోజూ దీంట్లో తిరుగుతావా?"

"లేదు, సెలవుకి వెళుతున్నా."

"మరి నీకెట్టా తెలుసు?"

అప్పట్నుంచి మిలిటరీ ఆయన కూడా కాస్త కిటికీ వైపే చూడ్డం మొదలుపెట్టాడు.

ఒంటిగంట దాటాక విమానం కిందికి వంగింది. మబ్బులు తొలిగాయి. పేరయ్య అద్దానికి ముఖం ఆనించాడు. కింద పెద్ద నది. మధ్యలో ఇసుక మేటలు, పాయలు పాయలుగా నీళ్లు, దూరాన పొడవైన వంతెన. ఎన్ని రాత్రులు లారీల వరసలో ఇరుక్కుని చూడలేదు ఆ ఇసుకను! ఫరక్కా. గంగ. డైరీ చెప్పిందే నిజమైంది.

చక్రాలు నేల తాకగానే ఫోను తీశాడు. "కోటేషూ, దిగాను. నువ్వెక్కడ?"

"బైపాసులోనే ఉన్నా మావా. గంట నించీ ఆకాశం వంకే చూస్తున్నా. ఇక్కడ ఏ విమానమూ కనపళ్లా. చప్పుడు కూడా లేదు."

"సరిగా చూడు. ఇప్పుడే దిగిందిరా."

"కాకులున్నాయి మావా."

బయటికొచ్చేసరికి చుడీదార్ వేసుకున్న ముప్పై ఏళ్ల అమ్మాయి చెయ్యెత్తి, "పెదనాన్నా!" అంది. పేరయ్య ఆగిపోయాడు. హీనాను చూసింది ఆ పిల్లకు పదేళ్లప్పుడు. ముఖంలో బుడాన్ ముక్కు ఉంది, నిజమే. కాని ముక్కులు ఎన్ని చోట్ల ఉండవు?

"మీ నాన్న తోలేటప్పుడు నోట్లో ఏం వేసుకునేవాడమ్మా?"

"వక్కపొడి" అంది హీనా వెంటనే. "లవంగం అని మా అమ్మకి చెప్పేవాడు. ఎక్కండి పెదనాన్నా, రెండైంది. ఇప్పుడు ఆ పరీక్షలెందుకు?"

మనిషి హీనానే. ఊరు సంగతే తేలలేదు. "నువ్వు గువాహటి నుంచి ఎప్పుడు బయలుదేరావు? రాత్రా?"

హీనా వింతగా చూసింది. "గంటన్నర క్రితం."

కారు కదిలింది. పేరయ్య కిటికీలోంచి బోర్డులు చూశాడు. అక్షరాలు బెంగాలీలాగే ఉన్నాయి. అస్సాంలో అలాగే ఉంటాయి, మాల్దా ఉన్న బెంగాల్లోనూ అలాగే ఉంటాయి. ఒళ్లో సంచి గట్టిగా పట్టుకున్నాడు. రెండుంబావు అయింది. ఇది మాల్దా అయితే బుడాన్ నాలుగు గంటల దాకా తలుపు వంక చూస్తాడు. తర్వాత కాగితం పక్కకు తోసేస్తాడు. ఫోన్లో ఎంత చెప్పినా వినడు, వాడి మొండితనం పేరయ్యకు తెలుసు. తన మాట తప్పినరోజు వాడు కళ్లు మూయడు. మూయకపోతే ఆ గుండె వారం కూడా నిలవదు.

జాలుక్‌బారి కూడలి దగ్గర కారు మలుపు తిరిగింది. ఎడమచేతి వైపు చెట్ల సందులోంచి ఇనప వంతెన కనిపించింది. పైన లారీలు పోతున్నాయి. వాటి కిందనే, వంతెన కడుపులోంచి, ఒక రైలు పోతోంది.

ఫరక్కాలో రైలూ రోడ్డూ పక్కపక్కన పోతాయి. ఒకదాని కింద ఒకటి పోయేది సరాయ్‌ఘాట్ వంతెన మీద. ఆ వంతెన దాటగానే పేరయ్య, బుడాన్ లారీ ఆపి, గువాహటి చేరామని ముఖాలు కడుక్కునేవారు. వందలసార్లు.

పేరయ్య చాలాసేపు తల వెనక్కి తిప్పి ఆ వంతెననే చూశాడు. తర్వాత సంచి కింద పెట్టాడు. "అమ్మా, కాస్త తొందరగా పోనీ" అన్నాడు మెల్లిగా.

ఆసుపత్రి చేరేసరికి మూడూ ఇరవై అయిదు అయింది. బుడాన్ సగానికి సగం అయిపోయాడు. మంచం పక్కన బల్ల మీద కాగితం, దాని మీద పెన్ను. నర్సు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లిందట.

"వచ్చావా అన్నా. ఏ దారిన వచ్చావు?"

"తెలీదురా" అన్నాడు పేరయ్య. ఆ మాట ఆయన నోట హీనా గానీ బుడాన్ గానీ ముందెప్పుడూ వినలేదు. "చిలకా రాలేదు. కలకత్తా రాలేదు. ఏడొందల కిలోమీటర్లు ఏమయ్యాయో తెలీదు."

బుడాన్ నవ్వబోయి ఛాతీ పట్టుకున్నాడు. పెన్ను చేతిలోకి తీసుకుని అన్నాడు. "నా మీటరు రీడింగు అరవై ఏడు అన్నా. అరవై ఏడేళ్ల మూడు నెలలు."

పేరయ్య మంచం కమ్మీ పట్టుకున్నాడు, స్టీరింగ్ పట్టుకున్నట్టు. "అరవై ఏడేళ్ల మూడు నెలలు. తీసుకున్నా. పడుకో."

బుడాన్ సంతకం పెట్టాడు.

గురువారం పొద్దున ఎనిమిదికి లోపలికి తీసుకెళ్లారు. అయిదు గంటలు పేరయ్య ఆ తలుపు ఎదురుగా ఉన్న కుర్చీలోంచి లేవలేదు. టీ తెస్తే వద్దన్నాడు. "పక్కవాడు పడుకున్నప్పుడు బండి ఆపకూడదమ్మా" అన్నాడు. డాక్టరు బయటికొచ్చి అంతా బాగా జరిగిందన్నాడు. పేరయ్య వెనకాలే వచ్చిన నర్సును అడిగాడు, అదే మాట. ఆమె తర్వాత వచ్చిన స్ట్రెచర్ తోసే అతన్ని అడిగాడు. ముగ్గురూ ఒకటే చెప్పారు. నాలుగోవాణ్ణి అడగలేదు. తలుపు సందులోంచి బుడాన్ కాలి బొటనవేలు కదలడం తనే చూశాడు.

శుక్రవారం సాయంత్రం దుర్గ ఫోను చేసింది. మాల్దాలో మధ్యాహ్నమంతా ఆకాశం చూస్తూ నిలబడ్డ కోటేష్ కూడా అప్పటికి గువాహటి చేరి, లోడు దింపి, మావయ్య మీద అలిగి కూర్చున్నాడు.

"తాతా, ఇప్పుడైనా ఒప్పుకుంటావా? రెండు గంటల నలభై నిమిషాల్లో నిన్ను గువాహటిలోనే దించాడు కదా! ఆదివారానికి అదే విమానంలో తిరుగు టికెట్టు తీశాను. నీ గురించి రాస్తున్నాను కూడా, ఇంక చివరి మాటే మిగిలింది. ఏం రాయమంటావు?"

"ఒప్పుకునేదేం లేదు. బుడాన్ లేచి వరండా ఆ చివరి దాకా నడిచిందాకా నేను రాను, టికెట్టు కాన్సిల్ చెయ్యి. నీ రాతలు తర్వాత. గుంటూరులో మబ్బేసిందని టీవీలో చెప్తున్నాడు, ముందు లేచి కాయల మీద పట్టా కప్పి చావు."